మీటర్లు అడుగులైన రోజు

మైత్రి మిఠాయి డబ్బా పట్టుకొని మల్లక్క హోటల్‌కు వచ్చింది ఒక్క మాట చెప్పిపోదామని. ఆ ఒక్క మాట చెప్పడానికి ఆమెకు పొద్దు గూకేదాకా సందు దొరకలేదు.

హోటల్ అంటే పేరుకే హోటల్. గోదావరిఖనిలో మార్కెట్‌కు మలిగే మూల మీద, రేకుల కింద ఒక పొయ్యి, నాలుగు బల్లలు. రోడ్డవతల, సరిగ్గా ఎదురుగా, ఉమామహేశ్వర్ జెరాక్స్, డీటీపీ షాపు. ఉమామహేశ్వర్‌ది మంథని. తరతరాలుగా గుళ్లోనో బళ్లోనో కొలువు చేసిన ఇల్లు. ఆయన మాత్రం వయసులో ఉండగానే టైపు మిషన్ ఒకటి సంకన పెట్టుకొని ఖనికొచ్చి, టైపు పోయి కంప్యూటరొచ్చినా ఆ గది వదలకుండా అక్కడే పాతుకుపోయాడు. ఊరంతా పంతులనే పిలుస్తుంది. షాపులో ఆయన పెండ్లిపత్రికలు కొడతాడు, హోటల్లో కోతలు కోస్తాడు. ఆయన నోట్లో పడిన చీమ ఏనుగవ్వాలి, ఏనుగు గుట్టవ్వాలి, ఆ గుట్టకు రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా పంతులు చేతిలో టీ గ్లాసు కింద పెట్టడు.

మైత్రి చక్రపాణి గారి కూతురు. ఆయన ఎప్పుడో గుంటూరు వైపు నుంచి ఇంజనీరు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మైత్రి ఖని పిల్లే. చిన్నప్పుడు కాలనీలో తనతో ఆడుకున్న పిల్ల వాళ్ల నాన్న గనిలో రూఫు కూలి పోయాడు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పేది కాదు గానీ, చదువు మాత్రం దాని వెంటే పోయింది. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా ఎట్లా ఆపాలో ఏళ్ల తరబడి లెక్కలు కట్టి పెద్ద సిద్ధాంత గ్రంథం రాసింది. పోయిన వారమే యూనివర్సిటీవాళ్లు కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, సంతోషించి, డాక్టరేటు ఖాయం చేశారు. ఆ పుస్తకం గడువు లోపల చేరడం ఉమామహేశ్వర్ షాపు పుణ్యం. ఆ మాట చెప్పి, చేతిలో మిఠాయి పెట్టి, కాళ్లకు దణ్ణం పెట్టి పోవాలని వచ్చింది.

"బాబాయ్ గారూ, మీరు ఆ రోజు లేకపోతే..." అని మొదలుపెట్టింది.

"ఆగు బిడ్డా, ఆగు! ఆ రోజు ముచ్చట నువ్వు చెప్తే ఏం రంజుంటది? ఉప్పు లేని పప్పు లెక్కుంటది. కూసో. నేను చెప్త. మల్లక్కా, డాక్టరమ్మకు అల్లం దట్టంగ ఏసి ఒక టీ."

మైత్రి కూర్చుంది. పక్క బల్ల మీద ఆగయ్య ఉన్నాడు. మొదటి షిఫ్టు డ్యూటీ దిగి, స్నానం చేసి, తల దువ్వుకొని ఇంటి నుంచి నేరుగా ఇక్కడికే వచ్చి కూర్చోవడం ఆయనకు అలవాటు. పంతులు కోతలకు ఆగయ్యే మొదటి శ్రోత.

"సంగతేందంటే ఆగన్నా," అని ఉమామహేశ్వర్ గ్లాసు అరచేతుల మధ్య తిప్పుతూ అందుకున్నాడు, "ఈ బిడ్డ పుస్తకం రాసింది చూసినవ్, అది మనం పత్రికలు కొట్టినట్టు కొట్టేది కాదు. లేటెక్కు అని ఒక భాషున్నది. అండ్ల అక్షరాలు రాసుడొక్కటే కాదు, ఏది ఎట్ల అచ్చవ్వాల్నో హుకుములు గూడ రాయాలె. రాసి మీట నొక్కితే పుస్తకం దానంతల అదే కూర్చుకుంటది. ఈ బిడ్డేం చేసింది, కొలత వచ్చిన కాడల్ల 'మీటర్లు' అని అచ్చెయ్యి అని మొదట్లనే ఒక హుకుం ఏసి పెట్టింది. మంచిదే కదా? నడుమ ఒక పట్టికొచ్చింది. తెల్లదొరల కాలపు పాత గనుల లెక్కలు, అన్ని అడుగులల్లనే. అందుకని గా పట్టిక మట్టుకు 'అడుగులు' అని అచ్చెయ్యుమని ఇంకో హుకుం. సమజైతుందా?"

"అయితున్నది. పట్టికల అడుగులు, బయట మీటర్లు," అన్నాడు ఆగయ్య.

"గదీ! ఆ భాషల మీసాల బ్రాకెట్లుంటయి, ఇటో మీసం, అటో మీసం. ఆ రెండు మీసాల నడుమ ఏం హుకుం ఇచ్చినా గా లోపట్నే చెల్లుతది. మీసం మూసుకోంగనే పాత హుకుం మల్ల గద్దెనెక్కుతది. దాన్ని లోకల్ అంటరు. మీ గనిల ఓవర్‌మెన్ మాట ఆ షిఫ్టుకే చెల్లినట్టు. గానీ అదే హుకుం ముంగట 'గ్లోబల్' అని ఒక్క మాట తగిలించినవనుకో, అది పెద్దాఫీసు సర్కులరు! మీసం లేదు గీసం లేదు, అన్ని గనులకు, అన్ని షిఫ్టులకు అదే. ఈ బిడ్డ గా పట్టికను ఎవరో సీనియర్ ఫైల్ల నుంచి ఎత్తుకొచ్చుకున్నది. ఆ మహానుభావుడు అండ్ల గ్లోబల్ అని పెట్టిండు. ఇంకేముంది? పట్టిక దాటినంక గూడ మీటర్లన్ని అడుగులే. రూఫు ఎత్తు మూడు మీటర్లుండాల్సింది మూడు అడుగులు! ఏందిది, అండ్ల మనుషులు దిగుతరా, ఉడుతలు దిగుతయా?"

ఆగయ్య నవ్వాడు. మైత్రి కూడా నవ్వింది. ఇంతవరకు నూటికి నూరు పాళ్లు నిజమే. పంతులు ఇంత బాగా చెప్పగలడని ఆమె అనుకోలేదు. ఆ రోజు ఆమె చెప్పిన మాటలే అవన్నీ. ఆమె పొడిపొడిగా చెప్తే ఆయన వాటికి ఓవర్‌మెన్‌ను, సర్కులర్‌ను తోడు తెచ్చాడు.

"మరి ఆ తప్పు ఎవరు పట్టుకున్నరు?" అని అడిగింది పొయ్యి దగ్గర్నుంచి మల్లక్క.

"ఎవరేంది? నేనే. మిషన్ల నుంచి కాయితం బయటికి రాంగనే వాసన తేడా కొట్టింది. మీటర్ల వాసన వేరు, అడుగుల వాసన వేరు."

మైత్రి నవ్వు ఆపుకొని టీ అందుకుంది. తప్పు కనబడింది ఆమెకే. యూనివర్సిటీలో పుస్తకం ఇవ్వడానికి మర్నాడే ఆఖరు గడువు. తన ల్యాప్‌టాప్ మొరాయిస్తే ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకొని పంతులు షాపుకు పరిగెత్తింది. అచ్చయి వస్తున్న పేజీలు సర్దుతూ ఉంటే ఆ 'మూడు అడుగులు' కళ్ల పడింది. వెనకటి పేజీ చూస్తే అక్కడా అడుగులే. ఎక్కడ మొదలైందో తెలియదు. అట్లాంటి పట్టికలు పుస్తకం నిండా ఉన్నాయి. కొన్నిచోట్ల నిజంగానే అడుగులుండాలి, కాబట్టి ఒక్క దెబ్బతో అన్నీ మార్చడానికి లేదు. చేతిలోని కాగితాలు కింద పడిపోయాయి. 'ఇక అయిపోయింది బాబాయ్ గారూ, ఇన్నేళ్ల కష్టం' అని ఆమె నేల మీదే కూలబడింది. అప్పుడాయన ఏం చేశాడో ఆమెకు నిన్న జరిగినట్టే గుర్తుంది. కానీ ఇప్పుడాయన చెబుతున్నది ఆ సంగతి కాదు.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?" ఉమామహేశ్వర్ కండువా సర్దుకున్నాడు. "గ్లోబల్ అన్నంక అది పుస్తకంల ఉంటదా? అదే కంప్యూటర్ల రామకృష్ణాపూర్‌వాళ్ల పెండ్లిపత్రిక ఉండె. అండ్లకు దుంకింది! 'విడిది నుంచి కల్యాణ మండపం కిలోమీటరు దూరం' అని ఉండాల్సింది 'ఒక్క అడుగు దూరం' అని అచ్చయింది. మగపెండ్లోళ్లు బ్యాండు మోగించుకుంట బయలెల్లిండ్లు. ఒక్కడుగు ఏసిండ్లు. ఆగిండ్లు. 'మండపమేది?' అంటరు. బ్యాండోడు మొదటి దరువు గూడ ముగియకముందే డబ్బులియ్యుమన్నడు!"

"డబ్బులిచ్చిండ్లా?"

"అది నాకెందుకు ఆగన్నా, పత్రిక నాది గానీ బ్యాండు నాది కాదు. నువ్వు నడుమ అడ్డం రాకు. అక్కడినుంచి ఆ గ్లోబలు కరెంటు తీగెక్కింది. ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం, ఇంకో స్తంభం నుంచి బజారు. బట్టల దుకాణపోడు మీటరు కర్ర తీసి కొలుస్తడు, అది చేతిల్నే అడుగు కర్రైంది. ఒకామె చీర కొనుక్కొని ఇంటికి పోయి విప్పితే చేతిరుమాలు! ఇంకొకాయన పంచె కొంటే గోచీకి గూడ సాలలే. దుకాణం ముంగట లొల్లే లొల్లి."

మల్లక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతోంది. రోడ్డు మీద పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగి బల్లల చివర్లో సర్దుకున్నారు. మందిని చూస్తే పంతులుకు ఊపొస్తుంది.

"ఇగ బస్సు సంగతి చెప్త వినుండ్రి. ఆర్టీసీ బస్సు మంచిర్యాలకు బయలెల్లింది. కండక్టరు ఇంక టికెటు చింపనే లేదు, మంచిర్యాల వచ్చింది. డ్రైవరు గాబరపడి బ్రేకు తొక్కిండు. ముంగటి చక్రాలు మంచిర్యాలల, వెనకటి చక్రాలు మన ఖనిల! ముంగట కూసున్నోళ్లు దిగి సంత చేసుకుంటున్నరు, వెనుక కూసున్నోళ్లు 'ఇంక ఎప్పుడు కదులుతదయ్యా' అని తిడుతున్నరు. మరి నడుమ గోదావరున్నది కదా అంటరా? ఉన్నది! మురికి మోరీ అంత ఉన్నది. అవ్వలు చీర కుచ్చిళ్లు పట్టుకొని ఇటునుంచి అటు దాటిండ్లు. చేపలకు ఈదనీకె జాగ లేక వరుసగ నిలబడ్డయి, రేషన్ షాపు ముంగట నిలబడ్డట్టు."

"అబ్బో!" అన్నాడెవరో.

"అబ్బో ఏంది, ఇంక ముంగటున్నది. జైపూర్ల కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం ఎంతుంటది? మెడ వెనక్కి వంచితే నెత్తి మీది రుమాలు పడిపోతది. అది అడుగులల్లకు వచ్చేసరికి మన మల్లక్క పొయ్యంతైంది! ఊరోళ్లు దాని సుట్టు కూసోని మక్కకంకులు కాల్చుకొని తిన్నరు. అటు కాసిపేట గనిల బొగ్గు పాతాళంల ఉంటదా? ఆ రోజు చేన్ల ఆలుగడ్డలు తవ్వినట్టు చేతితోటి తవ్వి తీసిండ్లు. గని లోపట మాత్రం రూఫు మూడడుగులకు దిగింది. మనోళ్లంత మోకాళ్ల మీద, చంటిపిల్లలు పాకినట్టు..."

"పంతులూ," అన్నాడు ఆగయ్య, "గా రోజు నేను మొదటి షిఫ్టుల్నే ఉన్న. నా నడుం వంగలే. టోపీ గూడ తగులలే."

ఉమామహేశ్వర్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"మీ గనికి తగులది ఆగన్నా. మీ గని మీసాల బ్రాకెట్ల ఉండె."

హోటలంతా గొల్లుమంది. ఆగయ్య కూడా ఓడిపోయినట్టు చేతులెత్తి దండం పెట్టాడు. మైత్రి నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఆ కళ్ల తడిలోనే ఆమెకు ఆ రోజు షాపు గది మళ్లీ కనిపించింది.

నేల మీద కూలబడ్డ ఆమెను ఆయన లేపి కుర్చీలో కూర్చోబెట్టాడు. 'ఏడ్చుడు రేపు చూసుకుందం. ఇయ్యాల పని,' అన్నాడు. షట్టర్ సగానికి దించాడు. ఆ భాషలో ఆయనకు ఓనమాలు రావు. 'నాకేం చెయ్యవస్తదో చెప్పు' అని అడిగాడు. అచ్చయిన ప్రతి పేజీ ఆయన వేలు పెట్టి పైకి చదువుతూ పోవాలి, ఆమె తెర మీద తను రాసిన హుకుములు చూస్తూ పోవాలి. బ్రాకెట్టు తెరుచుకుందని ఆమె చెప్పినప్పుడల్లా ఆయన బల్ల మీద ఒక పుట్నాల గింజ పెట్టేవాడు, మూసుకుందన్నప్పుడల్లా ఒకటి తీసి నోట్లో వేసుకునేవాడు. గింజలు మిగిలిపోతే ఎక్కడో బ్రాకెట్టు మూసుకోలేదన్నమాట. చదివి చదివి ఆయన గొంతు బొంగురుపోయింది. ఆమె రెండుసార్లు 'ఇక వద్దు, నావల్ల కాదు' అని లేచింది. రెండుసార్లూ ఆయన 'తర్వాతి పేజీ' అన్నాడు, అంతే. ఆ పేరు లేని సీనియర్ పెట్టిన 'గ్లోబల్' మాట చివరికి ఆమెకే దొరికింది. అది తీసేశాక కూడా, మళ్లీ అచ్చేసి, ఎక్కడ అడుగులుండాలో ఎక్కడ మీటర్లుండాలో మొదటి పేజీ నుంచి మళ్లీ చదివాడు.

ఇదంతా ఆయన కథలో ఎక్కడా లేదు. పుట్నాలు లేవు, బొంగురుపోయిన గొంతు లేదు.

"అప్పటికి పెద్దాఫీసు నుంచి ఫోను," అంటున్నాడు ఉమామహేశ్వర్. "హైదరాబాదు నుంచి ఫోను. ఢిల్లీ నుంచి ఫోను, అదైతే ఫోనెందుకు, కిటికీల నుంచి కేకేస్తేనే ఇనబడుతున్నది! 'పంతులూ, జల్ది ఏదన్న చెయ్, లోకం నలిగిపోతున్నది' అంటరు. బయటికొచ్చి పైకి చూసిన. పగటి చందమామ! రేకులకు తగులుతున్నది! ఎంత దూరముండాల్సిందిరా నాయనా, అదంత అడుగులాయె కదా. బూజుకర్ర తీసుకొని మెల్లగ, చంటిపిల్లను జరిపినట్టు జరిపిన. ఇంకో జానెడు దిగితే మల్లక్క పాల గిన్నెల పడేది!"

"పడితే మీగడ మంచిగొచ్చునేమో," అంది మల్లక్క.

"అప్పుడు లోపటికి పోయి, ఫికర్ లేకుండ కూసోని, ఆ గ్లోబల్ అన్న మాట మీద వేలు పెట్టిన. గానీ వెంటనే తుడ్వలే. ఎందుకు తుడ్వలే? చెప్పుండ్రి! ఎందుకంటే మా మంథని అప్పటికి నా షాపు గోడ అవతలికొచ్చి నిలబడ్డది. మా చెల్లె మనీష ఇల్లు నా కిటికీకి ఆనుకొని ఉన్నది. ఆ రోజు మా మేనల్లుడు ఋత్విక్ ఒడుగు. మంత్రాలు ఇనబడుతున్నయి, హోమం పొగ నా కంట్ల పడుతున్నది. ఇటు కుర్చీల కూసున్నోన్ని కూసున్నట్టే, కిటికీల నుంచి చెయ్యి సాపి, మేనమామ బట్టలు పెట్టిన. అక్షింతలేసిన. మా చెల్లె అదే కిటికీల నుంచి ఇస్తరాకుల పులిహోర పెట్టి ఇచ్చింది. తిని, చెయ్యి కడుక్కొని, అప్పుడు తుడిచిన గ్లోబలు! ఫట్టుమని లోకమంత ఎవరి జాగకు వాళ్లు..."

"పంతులూ," అంది మల్లక్క.

ఆమె నవ్వడం లేదు. గరిటె గిన్నె మీద అడ్డంగా పెట్టి ఇటు తిరిగింది.

"మంథని గంత దగ్గరికొస్తే, మీ చెల్లె నా ఫోనుకెందుకు చేసింది?"

ఉమామహేశ్వర్ గ్లాసు ఎత్తి చూశాడు. అందులో టీ లేదు.

"నీ ఫోను బందున్నదని నాకు చేసింది. 'మల్లక్కా, అన్న ఉన్నడా, బయలెల్లిండా, ముహూర్తం దాటిపోతున్నది, మేనమామ లేకుండ పోరన్ని పీటల మీద కూసోబెట్టుమంటున్నరు' అని ఏడ్చింది. నేను రోడ్డు దాటి వచ్చి నీ షట్టర్ కొట్టలే? నువ్వు బయటికి తల పెట్టి, 'రానని చెప్పు మల్లక్కా, సంగతి నేనే తర్వాత చెప్పుకుంట' అనలే? మా ముంగట చెయ్యి సాపిన అంటవు. సాపితే మీ చెల్లె ఇన్ని దినాల నుంచి నీతోని ఎందుకు మాట్లాడుత లేదు?"

 పొయ్యి మీద పాలు పొంగుతుంటే మల్లక్కే తిరిగి మంట తగ్గించింది.

మైత్రికి ఆ రోజు షట్టర్ చప్పుడు గుర్తొచ్చింది. 'ఎవరు బాబాయ్ గారూ?' అని తను తెర మీంచి కళ్లు తీయకుండానే అడిగింది. 'ఎవరో జెరాక్స్‌కు వచ్చిండ్లు బిడ్డా, నువ్వు చూడు' అన్నాడాయన, మళ్లీ కుర్చీ లాక్కున్నాడు. ఆ రోజు ఆయన ఒంటి మీద కొత్త పట్టుపంచె ఉంది. పక్క బల్ల మీద బట్టల సంచి ఒకటుంది, దాని పైన పసుపు అద్దిన చిన్న పంచె మడత కనిపిస్తూ. ఏదో పూజకు పోయి వచ్చుంటారనుకుంది. పోవాల్సినవాడు పోకుండా తన ముందు కూర్చున్నాడని ఆమెకు తోచనే లేదు.

"బాబాయ్ గారూ, నిజమేనా?" అంది.

"అదేంలే బిడ్డా. ఒడుగేమన్న నేను లేకుంటే ఆగుతదా? మా పెదనాయన కొడుకున్నడు, ఆయన పెట్టిండు బట్టలు. నీది అట్ల కాదు కదా. ఆ రోజు దాటితే నీది దాటినట్టే." ఆయన లేవబోయాడు. "షట్టర్ తెరిచే ఉన్నది, పోయొస్త."

"కూర్చోండి."

ఆమె గొంతులో అంత పదును ఆమెకే కొత్త. ఆయన కూర్చున్నాడు. ఆమె ఆయన ముందు నిలబడింది. 

"నేను థాంక్స్ చెప్పిపోదామని వచ్చాను. అదెంత చిన్న మాటో ఇక్కడికొచ్చాక తెలిసింది," అంది. "ఆ రోజు మీరు 'తర్వాతి పేజీ' అనకపోతే నేను లేచి ఇంటికెళ్లిపోయేదాన్ని. మళ్లీ ఆ పుస్తకం ముట్టుకునేదాన్ని కూడా కాదేమో. ఒడుగున్నదని ఒక్క మాట చెప్తే నేనే పంపేదాన్ని కదా, ఎందుకు చెప్పలేదు?"

"పంపుతవు. పంపి, నువ్వేం చేస్తువు? ఒక్కదానివి కూసోని ఏడుస్తువు. నేనక్కడ పులిహోర తినుకుంట కూసుంటే గొంతు దిగుతదా?" అన్నాడాయన, రోడ్డు వైపు చూస్తూ.

మైత్రి మిఠాయి డబ్బా ఆయన చేతిలో పెట్టి, వంగి ఆయన కాళ్లకు మొక్కింది. ఆయన కంగారుపడి కాళ్లు బల్ల కిందికి లాక్కున్నాడు. అప్పుడామె మల్లక్క వైపు తిరిగి, "అక్కా, వాళ్ల చెల్లెలి నంబర్ మీ ఫోన్లో ఉందా?" అని అడిగింది.

"ఉన్నది," అని మల్లక్క అప్పటికే కలుపుతోంది.

"వద్దు మల్లక్కా," అన్నాడు పంతులు. ఆగయ్య ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

ఫోన్లో అటువైపు గొంతు బల్లల చివరిదాకా వినిపించింది. "చెప్పు మల్లక్కా."

"మనీష గారూ, నా పేరు మైత్రి. చక్రపాణి గారి అమ్మాయిని. మీ అబ్బాయి ఒడుగు రోజు మీ అన్నయ్య రాకపోవడానికి కారణం నేను," అని ఆమె మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. పుట్నాల గింజలతో సహా, బొంగురుపోయిన గొంతుతో సహా. ఎక్కడా ఒక్క ముక్క పెంచలేదు, ఒక్క ముక్క తగ్గించలేదు. 

"బిడ్డా," అంది మనీష అటునుంచి, "మా అన్న నాకేం చెప్పిండో ఎరుకేనా? మంథని బస్సెక్కిండట. డ్రైవరు బ్రేకు తొక్కితే బండి ఆగక మంథని దాటిపోయి కాటారంల నిలబడ్డదట. అక్కడినుంచి ఎడ్లబండెక్కితే ఆ ఎడ్లకు ఇటు తొవ్వ తెల్వదట. మా అత్తగారోళ్లందరి ముంగట నాకు ఏం జవాబు చెప్పాల్నో సమజ్ కాలే. ఎవరో ఒక పిల్ల చదువు ఆగిపోతుంటే కూసున్న అని ఒక్క ముక్క చెప్తే, నేనే ఇంకో ముహూర్తం చూపించకపోదునా? రాలేదని కాదు బిడ్డా నాకు. నాకు గూడ కోతలే చెప్పిండని."

ఆగయ్య నోట్లోంచి నవ్వు తన్నుకొచ్చింది. కండువా అడ్డం పెట్టుకున్నాడు. పంతులు తల వంచుకొని బల్ల చెక్క మీద గోటితో ఏదో గీస్తున్నాడు.

"అన్న అక్కడ్నే ఉన్నడా?"

"ఉన్నారు."

"ఇయ్యి."

మైత్రి ఫోను ఆయన చేతిలో పెట్టింది.  ఇప్పుడేం చెప్తాడో, ఏ బస్సు ఎక్కుతాడో, ఏ ఎడ్లను తోలుతాడో అని అందరూ ముందుకు వంగారు. ఉమామహేశ్వర్ ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"వస్తున్న చెల్లే," అన్నాడు.

ఇంకేదో ఉంటుందని అందరూ ఆగారు. ఏమీ లేదు. ఆయన ఫోను మల్లక్కకిచ్చి, కండువాతో మొహం తుడుచుకొని, రోడ్డు దాటి షట్టర్ కిందికి లాగాడు. అది నేలకు తగిలిన చప్పుడుకు ఆగయ్య, "జిందగీల పంతులు ఇంత పొట్టి ముచ్చట చెప్పుడు నేనినలే," అన్నాడు.

మైత్రి వాళ్ల నాన్న కారు మార్కెట్ మూల మీదే ఉంది. "నేను దింపుతాను బాబాయ్ గారూ," అంది. ఆయన వద్దనలేదు. షాపు వెనక తలుపు నుంచి లోపలి గదిలోకి పోయి, ఆ రోజు బల్ల మీదున్న బట్టల సంచే తెచ్చుకున్నాడు. ఇచ్చుకోలేక దాచిపెట్టుకున్నాడన్నమాట. దారి పొడుగునా దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాడు.

మంథనిలో ఆ ఇంటి ముందు కారు ఆగేసరికి అరుగు మీద దీపం వెలుగుతోంది. మనీష గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చెంగు పట్టుకొని, కొత్త జంధ్యం వేలికి చుట్టుకుంటూ ఋత్విక్. ఉమామహేశ్వర్ కారు దిగి, సంచి రెండు చేతులా పట్టుకొని, మెట్టు కిందనే ఆగిపోయాడు. మనీష ఆయన్ను చూసింది, పక్కన మైత్రిని చూసింది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి మెట్టు మీద పెట్టింది.

"కాళ్లు కడుక్కో అన్నా. అన్నం వడ్డిస్త. బిడ్డా, నువ్వు గూడ."